వరుస నుండి ఒకరు తొలగినప్పుడు

జాబితా రాయడం అందరికీ తెలిసిన పనే. పెండ్లి పిలుపుల పట్టిక, కిరాణా సరుకుల చిట్టా, తరగతిలోని హాజరుపట్టీ, ఇలా మనం రోజూ ఏదో ఒక జాబితాతో వ్యవహరిస్తూనే ఉంటాము. వాటిలో ఒక పేరు చేర్చడం ఎంత సులభమో, కొట్టివేయడం అంతకన్న సులభమని అనుకొంటాము. కాగితం మీద అది నిజమే. ఒక్క గీత గీస్తే చాలు. కంప్యూటరు లోపల మాత్రం చేర్చడం కన్న తొలగించడమే కష్టం. ఇరవై ఏండ్లకు పైగా డిగ్రీ కళాశాలలో ప్రోగ్రామింగు బోధిస్తున్న నేను ఈ మాట ప్రతి సంవత్సరమూ చెబుతూనే ఉన్నాను. విద్యార్థులు తల ఊపుతారు. కాని 'లింక్డ్ లిస్టు నుండి ఒక అంశమును తొలగించు పద్ధతిని వివరింపుము' అనే ప్రశ్న వచ్చినప్పుడు సగం మంది సగం జవాబే రాస్తారు. మధ్యలో ఉన్నదానిని తీసివేయడం చక్కగా రాస్తారు. మొదటిదానినీ చివరిదానినీ మరచిపోతారు.

కంప్యూటరులో జాబితాను రెండు విధాలుగా దాచుకోవచ్చు. మొదటిది సినిమా హాలులో కుర్చీల వంటిది. ఒకదాని పక్కన ఒకటి, వరుస సంఖ్యలతో ఉంటాయి. పదవ కుర్చీ ఎక్కడుందో వెతకనక్కరలేదు. కాని నడుమ ఒకరు లేచిపోతే, ఖాళీ లేకుండా ఉండాలంటే వెనుకవారందరూ ఒక్కొక్క కుర్చీ జరగాలి. వేయి మంది ఉంటే వేయి మంది కదలాలి. రెండవది లింక్డ్ లిస్టు. మన భాషలో గొలుసు జాబితా అనుకొందాము. దీనిలోని అంశాలు జ్ఞాపకశక్తిలో ఎక్కడెక్కడో ఉంటాయి. ఒక్కొక్క అంశాన్ని నోడ్ అంటారు. ప్రతి నోడ్‌లోనూ రెండు విషయాలు ఉంటాయి: తన సమాచారం, తన తరువాతి నోడ్ ఉన్న చిరునామా. చివరి నోడ్ వద్ద చిరునామా ఉండవలసిన చోట 'నల్' అనే శూన్యం ఉంటుంది. గొలుసు మొదలు ఎక్కడో తెలిపే చిరునామాను 'హెడ్' అంటారు. అది ఒక్కటి చేతిలో ఉంటే, ఒకరిని అడిగి మరొకరిని చేరుతూ చివరి దాకా వెళ్ళవచ్చు. అది పోతే సర్వమూ పోయినట్లే.

దీనిని నేను పుస్తకంలోని బొమ్మలతో చెప్పడం మానివేసి చాలా కాలమైంది. మా నాయనమ్మ మేడారం జాతరకు మమ్మల్ని తీసుకొని వెళ్ళిన తీరును చెబుతాను. రెండేండ్లకు ఒకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో జనం ఎంతటి వెల్లువగా ఉంటారో వరంగల్లు ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మా ఊరి నుండి వెళ్ళిన ఆడవారందరూ ఒకరి వెనుక ఒకరు నిలబడి, ముందున్నవారి కొంగును గట్టిగా పట్టుకొని నడిచేవారు. అందరికన్న వెనుక నాయనమ్మ ఉండేది. వెనుక నిలబడితేనే అందరూ కనబడతారని ఆమె నమ్మకం. మమ్మల్ని వెతుక్కొంటూ వచ్చేవారికి నాయనమ్మ ఒక్కతే గుర్తు. ఆమెను చేరితే, ఆమె ఎవరి కొంగు పట్టుకొందో చూస్తే, అక్కడి నుండి వరుసంతా తెలుస్తుంది. అన్నిటికన్న ముందున్న ఆమె చేతిలో ఎవరి కొంగూ ఉండదు. ఆ ఖాళీ చేయే నల్.

ఆ వరుస మధ్యలో నుండి ఒకామె దాహమై పక్కకు పోవాలనుకొన్నదనుకొందాము. ఆమె వెనుకనున్నావిడ మొదట ఏమి చేయాలి? తన రెండవ చేతితో, పోదలచిన ఆమెకు ముందున్నావిడ కొంగు అందుకోవాలి. ఆ తరువాతనే మొదటి కొంగును విడిచిపెట్టాలి. తొందరపడి ముందుగా విడిచిపెట్టిందా, ఆ జనసంద్రంలో ఎవరి కొంగు అందుకోవాలో చెప్పేవారుండరు. ముందున్నవారందరూ క్షేమంగానే ఉంటారు, నడుస్తూనే ఉంటారు. కాని నాయనమ్మకు వారు లేనట్లే. లింక్డ్ లిస్టులో తొలగింపు అంటే సరిగా ఇదే. తొలగిపోయే నోడ్‌ను మనం ముట్టుకోనే ముట్టుకోము. దాని వెనుకనున్న నోడ్‌లోని చిరునామాను మారుస్తాము. పోయేవారి చేతిలోని చిరునామాను ఉన్నవారి చేతిలో పెడతాము. ఈ విషయం తెలిసినప్పుడు పిల్లల కళ్ళలో వెలుగు కనబడుతుంది. ఒకరిని తీసివేయాలంటే వేరొకరిని వెతకాలని వారు అనుకొని ఉండరు.

ఇక నాయనమ్మే అలసి చెట్టు కింద కూర్చుండిపోతే? అప్పుడు మార్చవలసింది వరుసలోని వారి చేతులను కాదు, మమ్మల్ని వెతుక్కొని వచ్చేవారి గుర్తును. 'ఇకమీదట నాయనమ్మను కాదు, లచ్చమ్మను వెతకండి' అని వారికి తెలియజేయాలి. అంటే హెడ్ మారాలి. చివరివారు వెళ్ళిపోయినప్పుడు జరిగేది వేరు. దానిని కొంచెం ఆగి చెబుతాను.

ఈ గొలుసు జాబితాలను మొదట పనిలో పెట్టినవారు అమెరికాకు చెందిన ఆలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్. 1955-56 ప్రాంతంలో వారు తర్కశాస్త్రంలోని సిద్ధాంతాలను యంత్రం చేత నిరూపింపజేయడానికి పూనుకొన్నారు. ఒక నిరూపణ ఎంత పొడవు పెరుగుతుందో, ఎన్ని కొమ్మలుగా చీలుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? కుర్చీలు ముందే వేసిపెట్టడం కుదరదు. కాబట్టి అవసరమైనప్పుడు అవసరమైనన్ని నోడ్‌లు కలుపుకొంటూ పోయే పద్ధతిని కల్పించి, దానికోసం ఐపీఎల్ అనే భాషను తయారు చేసుకొన్నారు. అయితే ఆ భాషలో పనికిరాని నోడ్‌లను తిరిగి ఏరుకొనే బరువు ప్రోగ్రాము రాసేవారి మీదనే ఉండేది. ఆ బరువును యంత్రానికే అప్పగించవచ్చునని చూపినవాడు జాన్ మెకార్తీ. లిస్ప్ భాషను గురించి 1960లో ఆయన ప్రచురించిన వ్యాసంలో, హెడ్ వంటి మొదళ్ళ నుండి బయలుదేరి చేరగలిగిన నోడ్‌లన్నిటికీ గుర్తు పెట్టి, గుర్తు లేనివాటిని తిరిగి వాడుకలోకి తెచ్చే ఉపాయం ఉంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందినది ఈ మెకార్తీ మార్గదర్శకత్వంలోనే. ఆ తరువాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో న్యూవెల్, సైమన్‌ల సహచరుడయ్యాడు. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్నాడు. లింక్డ్ లిస్టు మనకు ఎవరో పరాయివారి విద్య అని బెదిరే గ్రామీణ విద్యార్థులకు ఈ సంగతి చెబితే కొంత ధైర్యం కలుగుతుంది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు వచ్చిన తరువాత జాబితాకు ఒక ఇల్లు ఏర్పడింది. నార్వేలో ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ రూపొందించిన సిములా 67 భాషతో ఈ మార్గం మొదలైంది. విశేషమేమంటే, ఆ భాషతోనే సిమ్‌సెట్ అనే పేరుతో గొలుసు జాబితాల క్లాస్‌లు వచ్చాయి. వాటిలో 'అవుట్' అనే ఒక పని ఉంది. వరుసలో ఉన్న ఆబ్జెక్ట్‌కు 'అవుట్' అని చెబితే అది తనంతట తానే తన ఇరుగుపొరుగులను ఒకరికొకరిని అప్పగించి బయటికి వస్తుంది. దానికి ముందున్నవారూ వెనుకనున్నవారూ ఇద్దరూ తెలుసు కనుక వెతకవలసిన పని లేదు. ఇటువంటి రెండు వైపుల గొలుసునే డబ్లీ లింక్డ్ లిస్టు అంటున్నాము. క్లాస్ అనే భావనలోని సారమేమంటే, హెడ్, టెయిల్, లెక్క మొదలైనవన్నీ ఇంటి లోపలి విషయాలు. బయటివారు వాకిట నిలబడి 'చేర్చు', 'తీసివేయి' అని అడుగుతారు, అంతే. లోపల ఏ చిరునామా ఎవరికి అందించాలో చూసుకొనే పూచీ ఆ ఇంటిది. ఆ పూచీ తప్పితే బయటివారికి కారణం కనబడదు, ఫలితం మాత్రమే కనబడుతుంది. అటువంటి ఫలితాన్ని ఒకసారి నా కళ్ళతో చూశాను.

కొన్నేండ్ల క్రితం మా అమ్మను చూపించడానికి ఒక చిన్న పట్టణంలోని ఆసుపత్రికి వెళ్ళాను. మధుమేహపు పుండ్లకు చికిత్స చేసే వైద్యుడు అక్కడికి గురువారం మాత్రమే వచ్చేవాడు. రోగులకు కంప్యూటరు ద్వారా టోకెన్లు ఇచ్చి, వైద్యుని గదిలోని తెర మీద వరుసగా పేర్లు చూపే ఏర్పాటు అప్పుడే కొత్తగా పెట్టారు. మాకు 49వ సంఖ్య వచ్చింది. మా పక్కన పాదానికి గుడ్డ కట్టుకొన్న ఒక పెద్దాయన, ఆయన మనుమడు కూర్చున్నారు. వారిది 52. వాళ్ళు ఏటూరునాగారం వైపు నుండి వచ్చారు. తిరిగి వెళ్ళడానికి రెండు గంటల బస్సు ఒక్కటే ఉంది. కాలి వేళ్ళలో ఒకటి అప్పటికే నల్లబడింది. మరొక వారం ఆగగలిగే పుండు కాదని చూసినవారెవరికైనా తెలుస్తుంది.

45వ సంఖ్య గల ఆయన బయటికి వచ్చిన తరువాత చాలాసేపు ఎవరినీ పిలవలేదు. వైద్యుడు విశ్రాంతి తీసుకొంటున్నాడని అనుకొన్నాము. ఇంతలో అప్పుడే వచ్చి 59వ టోకెను తీసుకొన్న ఒక యువకుడిని నేరుగా లోపలికి పిలిచారు. హాలులో గగ్గోలు పుట్టింది. డబ్బు పుచ్చుకొన్నారని ఒకరు, సిఫారసు అని ఒకరు కేకలు వేశారు. ఆ యువకుడు బయటికి రాగానే వైద్యుడు సంచి సర్దుకొని లేచాడు. ఆయన తెర మీద ఇక ఒక్క పేరు కూడా లేదు. కాని టోకెన్లు ఇచ్చే బల్ల మీది తెరలో మాత్రం 'మిగిలినవారు 12' అని కనబడుతూనే ఉంది. రెండు తెరలలో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది.

అప్పుడు ఆ ఆసుపత్రిలోని ఆయా ఒక నోటుపుస్తకం తెచ్చి వైద్యుని ముందు పెట్టింది. ఉదయం నుండి వచ్చిన ప్రతి ఒక్కరి సంఖ్య, పేరు, ఊరు ఆమె రాసి ఉంచింది. చూపించుకొని వెళ్ళినవారి పేర్ల మీద ఒక్కొక్క గీత ఉంది. 47 నుండి 58 దాకా ఏ గీతా లేదు. 'కరెంటు పోతే ఆ డబ్బాల ఏముంటది సారూ, అందుకే రాసుకుంట' అన్నది ఆమె. వైద్యుడు సంచి కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. 'తాతను ముందు పంపండి, బస్సుంది' అని వరుసలో ముందున్నవాళ్ళే చెప్పారు. పెద్దాయనకు కట్టు కట్టి, వేలిని మరునాడే తీసివేయాలని జిల్లా ఆసుపత్రికి చీటీ రాసి ఇచ్చేసరికి ఒంటి గంటన్నర అయింది.

సాయంత్రం ఆ ప్రోగ్రామును చూసుకొనే కుర్రవాడు వచ్చాడు. నేను ఫలానా పని చేస్తానని చెప్పి, చూడవచ్చునా అని అడిగాను. 'కూర్చోండి మేడమ్' అని తెర నా వైపు తిప్పాడు. జావాలో రాసిన చిన్న క్లాస్ అది. రుసుము లెక్క వేరే చోట ఉంది కాని, వరుస మాత్రం ఈ జాబితాలోనే ఉంది. కొత్తవారిని చివర త్వరగా చేర్చడానికి హెడ్‌తో పాటు చివరి నోడ్ చిరునామాను 'టెయిల్' అనే పేరుతో దాచుకొన్నారు. మధ్యలో ఉన్నవారిని తీసివేయడం సరిగానే ఉంది. మొదటివారిని తీసివేయడమూ సరిగానే ఉంది. చివరివారిని తీసివేసినప్పుడు మాత్రం టెయిల్‌ను వెనుకకు జరపలేదు. ఇందాక ఆగి చెబుతానన్నది ఇదే.

ఆ ఉదయం జరిగినది ఇది. 46వ సంఖ్య గల ఆమె అప్పటికి వరుసలో చివరిది. ఏదో కబురు రాగా టోకెను రద్దు చేయించుకొని వెళ్ళిపోయింది. ప్రోగ్రాము 45వ నోడ్‌లో నల్ పెట్టింది. ఆమె తొలగిపోయింది. కాని టెయిల్ ఇంకా ఆమెనే చూపుతోంది. తరువాత వచ్చిన 47వ వారిని ఆ వెళ్ళిపోయిన ఆమెకు తగిలించింది. 47కు 48ని, 48కి మమ్మల్ని తగిలించింది. మా వరుసలో ఏ లోపమూ లేదు, ఒకరి కొంగు ఒకరం పట్టుకొనే ఉన్నాము. ఆ వరుసకు మొదలుగా ఉన్నది మాత్రం ఇంటికి వెళ్ళిపోయిన మనిషి. హెడ్ నుండి బయలుదేరి నడిచినవారు 45 దగ్గరనే ఆగిపోతారు. 45వ వారు కూడా అయిపోయి జాబితా ఖాళీ అయ్యాక వచ్చిన 59వ యువకుడు కొత్త జాబితాకు మొదటివాడయ్యాడు. పాపం, అతడు ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. లెక్క మాత్రం కూడికలూ తీసివేతలూ సరిగా చేసుకొంటూ పోయింది కనుక 12 అని నిజమే చెప్పింది.

ఇందులో నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. జావాలో గార్బేజ్ కలెక్టర్ అనే పారిశుద్ధ్య విభాగం ఉంటుంది. ఏ మొదలు నుండీ చేరలేని నోడ్‌లను అది ఊడ్చివేస్తుంది. టెయిల్ ముందుకు జరిగిన కొద్దీ 46, 47, 48, ఇలా ఒక్కొక్కరూ ఎవరి చేతికీ అందని వారయ్యారు. 59వ అతడు రాగానే చివరి 58 కూడా అంతే అయ్యాడు. ఊడ్పు ఎప్పుడు జరుగుతుందో చెప్పలేము కాని, ఆ పన్నెండు మందిని ప్రోగ్రాము ద్వారా తిరిగి పిలవడం ఆ క్షణం నుండి అసాధ్యం. సీ ప్లస్ ప్లస్ వంటి భాషలలోనైతే తొలగించిన నోడ్‌ను మనమే ప్రత్యేకంగా విడుదల చేయాలి. విడుదల చేసిన తరువాత పొరపాటున ఆ చిరునామాకు వెళితే, ఖాళీ చేసిన ఇంట్లో వేరొకరు కాపురం ఉండడం వంటి విపరీతాలు ఎదురవుతాయి. ఒక నోడ్‌ను ఎంతమంది పట్టుకొని ఉన్నారో లెక్కించి, లెక్క సున్న అయినప్పుడు ఏరివేసే మరొక పద్ధతిని జార్జ్ కాలిన్స్ 1960లోనే ప్రతిపాదించాడు. అది ఒంటి గొలుసుకు బాగుంటుంది. రెండు వైపుల గొలుసులో పక్కపక్కవారు ఒకరినొకరు పట్టుకొని ఉంటారు కనుక, జాబితా మొత్తాన్ని మనం వదిలివేసినా వారి లెక్క సున్నకు రాదు.

కుర్రవాడు ఒక్క వాక్యం చేర్చాడు: తీసివేసిన నోడ్ టెయిల్ అయితే, టెయిల్ దాని వెనుకదానికి జరగాలి. అతడు బద్ధకస్తుడు కాడు. చివరిదానిని తీసివేసి జాబితాను అచ్చు వేసి కూడా చూశాడట. సరిగానే వచ్చిందట. రాక ఏమవుతుంది? దోషం తీసివేసినప్పుడు కనబడదు, ఆ తరువాత ఒకరిని చేర్చినప్పుడు బయటపడుతుంది.

మొదటిది, చివరిది, ఒక్కటే ఉన్నది అనే ఈ ప్రత్యేక సందర్భాలే లేకుండా చేయవచ్చును కదా అని కొందరు విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. జాబితా మొదట్లో సమాచారం లేని ఒక ఉత్త నోడ్‌ను శాశ్వతంగా నిలబెడితే, అసలు నోడ్‌లన్నిటికీ వెనుక ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. మొదటిదానిని తీసివేయడం, మధ్యదానిని తీసివేయడం ఒకే పని అవుతుంది. దీనిని కావలివాని వలె సెంటినెల్ అంటారు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2016లో టెడ్ వేదిక మీద మంచి అభిరుచి అంటే ఏమిటో చెప్పడానికి ఎన్నుకొన్న ఉదాహరణ కూడా సరిగా ఇదే: ఒంటి గొలుసు నుండి ఒక నోడ్‌ను తొలగించడం. ఆయన సీ భాషలో వేరొక ఉపాయంతో, నోడ్‌ను కాక దానిని చూపే చిరునామా ఉన్న చోటును పట్టుకొని నడిచి, 'మొదటిది అయితే' అనే షరతును మాయం చేశాడు. నా మట్టుకు నాకు ఆరంభ విద్యార్థులకు కావలివాడే మేలనిపిస్తుంది.

తయారుగా దొరికే క్లాస్‌లను వాడితే ఈ బెడద ఉండదనుకోకూడదు. జావాలో 1998 నుండి లింక్డ్‌లిస్ట్ అనే క్లాస్ ఉంది, ఎంతో జాగ్రత్తగా రాసినది. కాని అందులో 'రిమూవ్' అనే పేరుతో వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకటి ఫలానా స్థానంలోని దానిని తీసివేస్తుంది, మరొకటి ఫలానా విలువ గలదానిని తీసివేస్తుంది. జాబితాలో టోకెను సంఖ్యలే ఉన్నప్పుడు 'రిమూవ్ 5' అంటే 5వ టోకెను పోదు. స్థానాల లెక్క సున్నతో మొదలవుతుంది కనుక వరుసలోని ఆరవ మనిషి పోతాడు. అలాగే జాబితా వెంట నడుస్తూ నడుస్తూ జాబితానే నేరుగా పట్టుకొని ఒకరిని తీసివేస్తే, సాధారణంగా తరువాతి అడుగులోనే ప్రోగ్రాము దోషం చూపి ఆగిపోతుంది. నడిపించే ఇటరేటర్‌కే ఆ పని చెప్పాలి. కాలు ఎక్కడ ఉందో దానికే తెలుసు.

ఆయా పుస్తకంలోని గీత నాకు తరచుగా గుర్తుకు వస్తుంది. గీత కింద పేరు కనబడుతూనే ఉంటుంది, కావాలంటే మళ్ళీ పిలవవచ్చు. గొలుసు జాబితాలో కూడా దాదాపు అటువంటి ఏర్పాటు ఉంది. హితోత్సుమాత్సు, నోషితా అనే జపాను శాస్త్రజ్ఞులు 1979లో చెప్పిన దానిని డొనాల్డ్ క్నూత్ 2000 సంవత్సరంలో 'డ్యాన్సింగ్ లింక్స్' అనే పేరుతో ప్రసిద్ధం చేశాడు. రెండు వైపుల గొలుసులో ఒక నోడ్‌ను తొలగించేటప్పుడు ఇరుగుపొరుగుల చేతులు మారుతాయే కాని, తొలగినదాని చేతిలోని చిరునామాలు చెరిగిపోవు. తాను ఎవరెవరి మధ్య ఉండేదో దానికి తెలుసు. తిరిగి రమ్మంటే వచ్చి వారిద్దరి నడుమ నిలబడగలదు. లెక్కలేనన్ని దారులను ప్రయత్నించి వెనుకకు వచ్చే సమస్యలలో ఇది ఎంతో ఉపకరిస్తుంది.

దీనిని వరండాలో తొమ్మిది మంది విద్యార్థులను నిలబెట్టి చేయిస్తాను. నాలుగవ అమ్మాయిని, తరువాత ఐదవ అబ్బాయిని బయటికి పిలుస్తాను. తిరిగి వెళ్ళేటప్పుడు చివర వచ్చిన అబ్బాయే ముందు వెళ్ళాలి. అతడు వచ్చేసరికి తన ఎడమన ఉన్నది మూడవవాడు కదా. క్రమం తప్పితే పొరుగువారి పేర్లు కలవవు, వరుస చిక్కుపడుతుంది. గత సంవత్సరం ఒక విద్యార్థిని, 'మేడమ్, వాళ్ళు బయట ఉన్నప్పుడు ఆ ఖాళీలో కొత్తవాళ్ళు వచ్చి నిలబడితే?' అని అడిగింది. నిలబడమని ఆమెనే పంపాను. ఐదవ అబ్బాయి తన పాత చిరునామాలు పట్టుకొని తిరిగి వచ్చాడు, మూడవవాని చేయి, ఆరవ అమ్మాయి చేయి అందుకొన్నాడు. మొదటి నుండి చేతులు తడుముకొంటూ లెక్కపెట్టించాను. ఎనిమిది మంది వచ్చారు. ప్రశ్న అడిగిన అమ్మాయి ఇద్దరి మధ్య రెండు చేతులూ చాపుకొని నిలబడే ఉంది, ఆమెను ఎవరూ లెక్కపెట్టలేదు.